పురపాలక సంఘానికి ఫిర్యాదు చేయడం, పని పూర్తయ్యేదాకా దాన్ని నడిపించడం ఎలా

వీధిలో మ్యాన్‌హోల్ మూత విరిగినా, దీపాలు వారాల తరబడి వెలగకపోయినా, కుళాయి నీళ్ళలో మురుగు వాసన వచ్చినా, మనలో చాలామంది ఇరుగుపొరుగుతో చెప్పుకొని బాధపడి, ఎవరో ఒకరు ఈపాటికి ఫిర్యాదు చేసే ఉంటారని ఊరుకుంటారు. వీధి మొత్తం అలాగే అనుకోవడం వల్ల కార్యాలయానికి ఒక్క ఫిర్యాదు కూడా చేరని సందర్భాలు నేను చూశాను. ఫిర్యాదు చేసేవారిలో కూడా చాలామంది తమ కష్టాన్ని రాస్తారు గాని, పని చేయడానికి వచ్చే మనిషికి కావలసిన వివరాలు రాయరు. ఫిర్యాదును ఒక పని చీటీగా భావించి రాయాలన్నది నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన విషయం. మీ వీధిని ఎన్నడూ చూడని కార్మికుడు ఆ చీటీ చేతపట్టుకొని బయలుదేరితే, మీకు ఫోను చేయవలసిన అవసరం లేకుండా సరైన చోటికి సరైన సామానుతో చేరుకోగలగాలి.

ముందుగా ప్రమాదమా, అసౌకర్యమా తేల్చుకోండి

మీరు చూసినది రాబోయే కొన్ని గంటల్లో ఒక మనిషి ప్రాణం తీయగలదా అని మొట్టమొదట ఆలోచించండి. తీయగలిగేదైతే రాతపూర్వకమైన ఫిర్యాదు కోసం ఆగకుండా వెంటనే అత్యవసర సంఖ్యకు ఫోను చేయాలి. ఇందుకోసం ఒకే సంఖ్యను కేటాయించే పద్ధతి 1937లో లండన్‌లో 999తో మొదలైంది. అమెరికాలో 911కు తొలి పిలుపు 1968లో వెళ్ళింది. యూరప్ దేశాలు 1991లో 112ను ఉమ్మడి సంఖ్యగా ఎంచుకున్నాయి, భారతదేశంలోనూ ఇప్పుడు అదే సంఖ్య పనిచేస్తోంది. ఫోను కలవగానే ముందు స్థలం చెప్పండి, ఆ తర్వాతే జరిగింది చెప్పండి. మధ్యలో ఫోను తెగిపోయినా, స్థలం తెలిసినవారు బయలుదేరగలుగుతారు.

తెగిపడిన కరెంటు తీగకు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండండి, ఇతరులను కూడా అంత దూరంలోనే ఆపండి. తీగ నుంచి విద్యుత్తు నేలలోకి వ్యాపిస్తుంది, తీగకు దూరమయ్యేకొద్దీ దాని వోల్టేజి తగ్గుతుంది. అందువల్ల పెద్ద అంగ వేసినప్పుడు ఒక పాదం దగ్గర ఒక వోల్టేజి, మరో పాదం దగ్గర ఇంకో వోల్టేజి ఉండి, ఆ తేడా వల్ల కరెంటు శరీరం గుండా ప్రవహిస్తుంది. మీరు ఇప్పటికే తీగకు దగ్గరగా ఉన్నట్లయితే, రెండు పాదాలనూ దగ్గరగా ఉంచి, నేల మీద నుంచి ఎత్తకుండా కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వెనక్కి వెళ్ళాలి. ఎండు కర్రతో తీగను పక్కకు నెట్టవచ్చని కొందరు నమ్ముతారు. తడి తగిలిన కర్ర గాని, ఎక్కువ వోల్టేజి ఉన్న తీగ గాని ఆ నమ్మకాన్ని ప్రాణాంతకం చేస్తుంది. సరఫరా నిలిపివేశామని విద్యుత్ సిబ్బంది స్వయంగా చెప్పేవరకు తీగలో కరెంటు ఉన్నట్లే భావించండి.

మ్యాన్‌హోల్‌లో ఎవరైనా పడితే లేదా లోపల స్పృహతప్పితే, వారిని బయటికి తీయడానికి మీరు దిగవద్దు. ఇది కఠినంగా వినిపిస్తుందని నాకు తెలుసు, అయినా గట్టిగానే చెబుతున్నాను. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు కుళ్ళిన గుడ్డు వాసన ఉంటుంది గాని, గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలకు చేరేసరికి అది వాసన పసిగట్టే శక్తిని కొద్ది నిమిషాల్లోనే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందని ధైర్యంగా దిగిన రెండో మనిషి, అతని కోసం దిగిన మూడో మనిషి కూడా అక్కడే ప్రాణాలు కోల్పోయిన ఘటనలు పలు దేశాల్లో మళ్ళీ మళ్ళీ జరిగాయి. గాలి సిలిండర్లు, తాళ్ళు ఉన్న అగ్నిమాపక సిబ్బందిని పిలిచి, వారు వచ్చేలోగా జనాన్ని అంచు నుంచి దూరంగా ఉంచడమే మీరు చేయగలిగిన మేలు.

వరద నీళ్ళు పారుతున్న రోడ్డును కూడా ప్రాణాపాయం కిందనే లెక్కించండి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని పడగొట్టగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లను నెట్టుకుపోగలదు. నీటి అడుగున మూత లేని మ్యాన్‌హోల్ ఉందో లేదో పైనుంచి చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

సిబ్బంది వచ్చేలోగా ప్రమాదస్థలాన్ని గుర్తుపట్టేలా చేయాలి. విరిగిన మూత చుట్టూ ఎత్తుగా, దూరం నుంచి కనిపించే కొమ్మలు, ఖాళీ డ్రమ్ము, లేత రంగు గుడ్డ కట్టిన కర్ర వంటివి నిలపండి. బండరాళ్ళు పెట్టవద్దు, చీకట్లో వాహనదారుడికి అవే మరో ప్రమాదమవుతాయి.

అది ఎవరి పనో తెలుసుకోండి

పట్టణంలో మన కళ్ళకు కనిపించేదంతా పురపాలక సంఘానిదే అనుకోవడం సహజం. వాస్తవానికి ఒకే వీధిలో దీపం ఒకరిది, దీపాన్ని మోస్తున్న స్తంభం మరొకరిది, కింద ఉన్న మంచినీటి గొట్టం ఇంకొక సంస్థది కావచ్చు. ఊరి మధ్యగా వెళ్ళే పెద్ద రోడ్డు రహదారుల శాఖ పరిధిలో ఉండవచ్చు. మ్యాన్‌హోల్ మూతల మీద సంస్థ పేరు గాని, పొడి అక్షరాలు గాని పోతపోసి ఉండటం సాధారణం. స్తంభాల మీద సంఖ్యలు రాసి ఉంటాయి. ఆ గుర్తులను చూసి రాసుకుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. అప్పటికీ తేలకపోతే పురపాలక సంఘానికే ఫిర్యాదు చేసి, “ఇది మీ పరిధిలోనిది కాకపోతే ఏ కార్యాలయానిదో రాతపూర్వకంగా తెలియజేయగలరు” అని చివర ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం ఉన్న ఫిర్యాదును “మాది కాదు” అన్న రెండు మాటలతో మూసివేయడం కష్టం.

చోటికి వెళ్ళి, చూసి, రాసుకోండి

ఫిర్యాదు రాయడానికి ముందు ఒక్కసారి ఆ చోటికి నడిచి వెళ్ళండి. దగ్గరలోని స్తంభం సంఖ్య, ఎదురుగా ఉన్న ఇంటి సంఖ్య, రోడ్డుకు ఏ వైపున ఉంది, కూడలి నుంచి సుమారు ఎన్ని అడుగుల దూరం అన్నవి రాసుకోండి. ఆనవాలుగా బోర్డులు, బండ్లు, పందిళ్ళు చెప్పవద్దు, అవి రేపు ఉండకపోవచ్చు. ఫోనులోని మ్యాప్ చూపించే అక్షాంశ రేఖాంశాల అంకెలను కూడా చేరిస్తే మరీ మంచిది.

ఆ తర్వాత లోపం ఏ తీరుగా ఉందో గమనించండి, ఎందుకంటే తీరును బట్టి రావలసిన మనిషి, తేవలసిన సామాను మారిపోతాయి. వరసలో ఒక్క దీపమే ఆరిపోయి ఉంటే లోపం సాధారణంగా ఆ దీపంలోనో దాని కనెక్షన్‌లోనో ఉంటుంది. వరస మొత్తం ఆరిపోతే ఫ్యూజ్‌ను గాని, కేబుల్‌ను గాని, స్విచ్ పెట్టెను గాని చూడాలి. పగటిపూట కూడా వెలుగుతుంటే టైమర్ గాని, వెలుతురును గుర్తించే పరికరం గాని చెడి ఉండవచ్చు. “మా వీధిలో లైట్లు లేవు” అన్న ఫిర్యాదుకు నిచ్చెన, బల్బు పట్టుకొని వచ్చిన మనిషి, కేబుల్ కాలిపోయిందని చూసి తిరిగి వెళ్ళిపోతాడు, ఇంకో వారం గడుస్తుంది. అలాగే రోడ్డు మీద ఊరుతున్న నీరు మంచినీటి సరఫరా వేళల్లో మాత్రమే ఊరుతోందా, రోజంతా ఊరుతోందా అన్నది చూడండి. సరఫరా వేళల్లోనే అయితే మంచినీటి గొట్టం పగిలి ఉండే అవకాశం ఎక్కువ. రోజంతా దుర్వాసనతో ఊరుతుంటే మురుగు గొట్టం పూడిపోయి పొంగుతున్నట్లు.

ఫొటోలు రెండు తీయండి. ఒకటి దగ్గరగా, లోపం ఎంత పెద్దదో తెలిసేలా పక్కన ఒక చెప్పో నీళ్ళ సీసానో పెట్టి తీయాలి. రెండోది పది పదిహేను అడుగులు వెనక్కి జరిగి, చుట్టూ ఉన్న స్థిరమైన ఆనవాళ్ళు పడేలా తీయాలి. మనుషుల ముఖాలు, వాహనాల సంఖ్యలు పడకుండా చూసుకోవడం మర్యాద.

రాసే తీరు

ఒకప్పుడు మా వీధిలో విరిగిన మూత గురించి నేను పేజీన్నర అర్జీ రాశాను. పిల్లలు బడికి వెళ్ళే దారి అని, రాత్రిళ్ళు చీకటి అని, చెత్త కూడా తీయడం లేదని, దయతో తగిన చర్య తీసుకోవాలని అన్నీ రాశాను గాని, మూత ఏ ఇంటి ముందు ఉందో రాయలేదు. “చెత్త తొలగించబడినది” అన్న సమాధానంతో ఆ ఫిర్యాదు మూసివేయబడింది, మూత అలాగే ఉండిపోయింది. కోపం వచ్చింది గాని, తప్పు ఎక్కువగా నాదే. మూడు విభాగాల పనిని ఒకే కాగితంలో కలిపి పంపితే, అది మొదట ఎవరి బల్ల మీదికి వెళితే వారి పని జరగగానే కాగితం ఆయువు తీరిపోతుంది. అందువల్ల ఒక ఫిర్యాదులో ఒకే లోపం, ఒకే చోటు రాయాలి. లోపాలు మూడుంటే ఫిర్యాదులు మూడు చేయాలి.

నేను ఇప్పుడు రాసే పద్ధతి ఇలా ఉంటుంది: “ఫలానా వీధిలో, ఫలానా సంఖ్య గల స్తంభానికి ఎదురుగా, ఫలానా ఇంటి ముందు, రోడ్డుకు ఎడమ వైపున మురుగునీటి మ్యాన్‌హోల్ మూత విరిగి, సుమారు అడుగున్నర వెడల్పు రంధ్రం తెరిచి ఉంది. ఈ నెల ఫలానా తేదీ నుంచి ఇలా ఉంది. రాత్రిపూట ఇక్కడ వెలుతురు లేదు, ద్విచక్ర వాహనాలు దీని మీదుగా వెళుతున్నాయి. వెంటనే హెచ్చరిక కంచె, ఆ తర్వాత కొత్త మూత అవసరం. ఫొటోలు రెండు జతచేశాను.” ఇందులో చోటు ముందు వచ్చింది, లోపం కొలతతో వచ్చింది, ప్రమాదం ఎవరికో తెలిసింది, కోరుతున్న పని స్పష్టంగా ఉంది. నిందలు, బతిమాలడం రెండూ అక్కరలేదు. ఆ సేవ పొందడం మీ హక్కు. చదివే ఉద్యోగికి ఆ రోజు ఇలాంటివే చాలా వచ్చి ఉంటాయి.

ఒక విషయం మాత్రం ఎప్పటికీ రాయవద్దని వేడుకుంటున్నాను. కాలువ పూడిపోయినప్పుడు “మనిషిని దించి శుభ్రం చేయించండి” అని కొందరు అలవాటుగా రాస్తారు, వచ్చిన కార్మికుడిని నిలబడి తొందరపెడతారు కూడా. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడం భారతదేశంలో 2013 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం లేని చోట కూడా అది ఒక ప్రాణంతో పందెం కాయడమే. పూడిక తీసే యంత్రాన్ని పంపమని అడగండి, అది రావడానికి రెండు రోజులు ఆలస్యమైనా ఓర్చుకోండి.

అందజేయడం, సంఖ్య తీసుకోవడం

ఫోను, యాప్, కార్యాలయంలోని కౌంటరు అనే మూడింటిలో ఏది వాడినా, చేతికి ఒక ఫిర్యాదు సంఖ్య వచ్చిందంటేనే ఫిర్యాదు చేసినట్లు లెక్క. నగర సేవల కోసం అత్యవసర సంఖ్యకు వేరుగా 311 అనే సంఖ్యను అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1996లో ప్రవేశపెట్టినప్పుడు ఉద్దేశం కూడా అదే: గుంతలు, చెత్త వంటి పిలుపులు ప్రాణాపాయం ఉన్న పిలుపులకు అడ్డుపడకూడదు, అదే సమయంలో వాటికీ ఒక లెక్క ఉండాలి. కౌంటరులో ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్ళి, మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మాట్లాడిన ఉద్యోగి హోదా, సమయం ఒక పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

కుళాయి నీళ్ళు చెడినప్పుడు

మిగిలిన వాటికంటే ఈ సంగతిని విడమరచి చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇక్కడ ఒక రోజు ఆలస్యానికి ఇంటిల్లిపాది మూల్యం చెల్లిస్తుంది. మంచినీటి గొట్టం, మురుగు గొట్టం చాలా చోట్ల పక్కపక్కనే నడుస్తాయి. నీరు రోజంతా రాకుండా కొన్ని గంటలే వచ్చే చోట, సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా చిల్లు ఉంటే అప్పుడు చుట్టూ నిలిచిన మురుగు లోపలికి చేరుతుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే మొదట వచ్చేది ఆ మురుగు కలిసిన నీరే. కాబట్టి రంగు, వాసన నీళ్ళు వదిలిన మొదటి నిమిషాల్లోనే ఉన్నాయా, చివరిదాకా ఉన్నాయా అన్నది ఫిర్యాదులో తప్పక రాయండి.

అనుమానం రాగానే ఆ నీటిని తాగడం, వంటకు వాడడం ఆపండి. మరో నీరు దొరకనప్పుడు బాగా మరిగించండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు, సముద్రమట్టానికి 2000 మీటర్లకు పైన ఉన్న ప్రాంతాల్లో మూడు నిమిషాల పాటు మరగనివ్వాలి. మరిగించడం క్రిములను చంపుతుంది గాని, రసాయనాలు కలిస్తే వాటిని తొలగించదు. ఆ తర్వాత నీటి విభాగానికీ ప్రజారోగ్య విభాగానికీ వేరువేరుగా ఫిర్యాదు చేసి, కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయమని కోరండి. వినియోగదారుడికి చేరే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సిబ్బంది నీటిలో మందు కలిపి రంగును బట్టి అక్కడికక్కడే చెప్పగలరు. ట్యాంకులో నిల్వ చేసిన నీటికి పరీక్ష చేస్తే ఫలితం మీ ట్యాంకుదే అవుతుంది, అందువల్ల నేరుగా గొట్టం నుంచి వచ్చే నీటినే పట్టి ఇవ్వండి.

వీధిలో వాంతులు, విరేచనాలు మొదలైతే ఒక జాబితా తయారుచేయండి: ఏ ఇంట్లో, ఎందరికి, ఏ తేదీన మొదలైంది, ఆ ఇంటివారు తాగే నీరు ఎక్కడిది. పేర్లు అక్కరలేదు, ఇంటి సంఖ్యలు చాలు. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు చేసింది ఇంచుమించు ఇదే. చనిపోయినవారి ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో, వారు ఎక్కడి నీళ్ళు తాగారో వాకబు చేసి, మరణాలు ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడాయని స్థానిక అధికారులకు చూపించాడు. వారు సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని తొలగించారు. అప్పటికే వ్యాధి తగ్గుముఖం పట్టింది, కలరా నీటి ద్వారా వస్తుందన్న మాటను చాలామంది ఇంకా నమ్మలేదు. అయినా ఒక పాలకవర్గం చేత ఆ పని చేయించినది ఆ ఇళ్ళ లెక్కే. మీ జాబితా కూడా ఏ గొట్టం దగ్గర తవ్వాలో ఇంజనీరుకు చూపించగలదు.

కుక్కలు, దోమలు

కుక్క కరిస్తే ఫిర్యాదు రెండో పని. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. ఆ తర్వాత కుక్క రంగు, తిరిగే చోటు, కరిచిన సమయం రాసి పంపండి. దోమల విషయంలో పొగ కొట్టమని అడగడం కంటే నిలిచిన నీటి చోట్ల జాబితా ఇవ్వడం మేలు. డెంగీని మోసే దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు చేరడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి ఆ నీటిని పారబోస్తే దాని పుట్టుక అక్కడే ఆగిపోతుంది.

జవాబు రానప్పుడు

చాలా కార్యాలయాలు ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో పౌరసేవల పత్రంలో ప్రకటిస్తాయి. ఆ గడువును ముందే చూసి ఉంచుకొని, గడువు దాటిన మర్నాడే పాత సంఖ్యను పేర్కొంటూ ఆ విభాగపు పై అధికారికి రాయండి. అక్కడా కదలకపోతే కమిషనరుకు, ప్రతిని వార్డు సభ్యుడికి పంపండి. మొదటి రోజే అందరికంటే పైనున్నవారికి రాయడం నాకు నచ్చదు, ఎందుకంటే ఆ కాగితం మళ్ళీ కిందికే వస్తుంది, మధ్యలో రోజులు పోతాయి. పని జరగకుండానే “పరిష్కరించబడినది” అని సందేశం వస్తే, అదే రోజు తేదీతో ఫొటో తీసి ఫిర్యాదును తిరిగి తెరిపించండి. వారం ఆగితే, పని జరిగి మళ్ళీ చెడిపోయిందని వారు అనడానికి అవకాశం ఇచ్చినవారవుతారు.

ఇంకొక తేడా గుర్తుంచుకోవాలి. విరిగినదాన్ని బాగుచేయడం నిర్వహణ కిందికి వస్తుంది, అందుకు ఏడాది పొడవునా నిధులు ఉంటాయి. లేనిదాన్ని కొత్తగా కట్టడానికి మాత్రం అంచనా తయారుకావాలి, పాలకమండలి ఆమోదించాలి, బడ్జెట్‌లో చోటు దొరకాలి, టెండరు పిలవాలి. కొత్త కాలువ కోసం యాప్‌లో పది ఫిర్యాదులు చేసినా అది రాదు. అటువంటి పనికి ఇరుగుపొరుగు సంతకాలతో వినతిపత్రం రాసి, బడ్జెట్ తయారీ మొదలవకముందే వార్డు సభ్యుడికి అందజేసి, సమావేశపు ఎజెండాలో చేరిందో లేదో అడగాలి.

అన్ని దారులూ మూసుకుపోతే సమాచార హక్కు ఉంది. ప్రభుత్వ పత్రాలను పౌరులు చూడవచ్చన్న చట్టాన్ని స్వీడన్ 1766లోనే చేసింది, భారతదేశంలో 2005లో వచ్చింది. “పని ఎందుకు చేయలేదు” అని అడిగితే వచ్చేది వివరణ మాత్రమే. “ఫలానా సంఖ్య గల ఫిర్యాదుపై ఏ తేదీన ఏ అధికారి ఏమి రాశారో ఆ పేజీల నకలు ఇవ్వండి” అని అడగండి. నకలు తీయడానికి ఫైలు తెరవవలసి వస్తుంది, అలా తెరిచిన రోజునే పని మొదలైన సందర్భాలు ఉన్నాయి.

పని జరిగిన తర్వాత

కొత్త మూత వేసిన రోజునే వెళ్ళి, అది రోడ్డుతో సమానంగా కూర్చుందా, అంచు మీద కాలు పెడితే ఊగుతోందా అని చూడండి. గొట్టం కోసం తవ్విన గుంతను పూడ్చిన చోట, మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయకపోతే మొదటి పెద్ద వానకే కుంగుతుంది. అందుకని పాత ఫిర్యాదు సంఖ్యను, పూర్తయిన తేదీని పుస్తకంలో ఉంచుకొని, వాన వెలిసిన మర్నాడు మరొకసారి చూడండి. గుత్తేదారు చేసిన పనికి, పూర్తయ్యాక కొంతకాలం పాటు లోపాలను సొంత ఖర్చుతో సరిచేయాలన్న షరతు ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. కుంగినట్లు కనిపిస్తే కొత్త ఫిర్యాదులో పాత సంఖ్యను, ఆ తేదీని మొదటి వాక్యంలోనే రాయండి.